ఇంటి పత్రము, ఉమ్మడి గోడ

ధ్యానమునకు: లేవీయకాండము 25:23; యెహోషువ 9; యిర్మీయా 32:6–15; ఎఫెసీయులకు 2:14



మన పల్లెలలో ఏ ఇంటికి వెళ్లినను ట్రంకుపెట్టెలో బట్టల అడుగున మడిచి దాచిన కాగితములు కొన్ని ఉండును. పట్టా, క్రయ దస్తావేజు, పన్ను కట్టిన రసీదులు, తాతగారి నాటి పంపకపు కాగితము ఒకటి. పెట్టెలోని పట్టుచీర చిరిగినను ఓర్చుకొందుము గాని ఆ కాగితములకు చెదపట్టినదని తెలిసిన యెడల ఇంటిల్లిపాదియు కలవరపడుదుము. ఏలయనగా "ఇది నాది" అని పదిమంది యెదుట నిలిచి చెప్పుటకు అదియే మనకు ఆధారము.

అయితే ఆ కాగితము నిజముగా చెప్పునది "ఇది నాది" అను ఒక్క మాటయేనా? లేక మనము చదువక విడిచిపెట్టిన మాట మరియొకటి దానిలో ఉన్నదా? ఈ నెల మనము ఈ ప్రశ్నను ఆలోచింతము. ఇందుకు మన ఊరి కాగితమును గాక ఇంగ్లాండు దేశములోని ఒక పాత ఇంటి పత్రమును ఉదాహరణముగా తీసికొందము. దూరదేశపు ఇంటి సంగతి మనకెందుకని అనుకొనవద్దు. మన తెలుగు బిడ్డలు కొందరు నేడు ఆ దేశపు పట్టణములలో ఇట్టి ఇండ్లలోనే కాపురము చేయుచున్నారు. అంతేకాక అక్కడి పత్రములో హక్కులును బాధ్యతలును పక్కపక్కనే వ్రాయబడి యుండుటచేత మన ప్రశ్నకు అది చక్కగా ఉపకరించును.

ఎట్టి ఇల్లు?

ఆ దేశములో పట్టణముల శివార్లలో ఎక్కువగా కనబడు ఇంటిని సెమీ డిటాచ్డ్ ఇల్లు అందురు. మన మాటలో జంట ఇల్లు అనవచ్చును. రెండు ఇండ్లు ఒకే కప్పు క్రింద, ఒకే నడిమి గోడకు ఇటు అటు నిలిచియుండును. ఒక్కొక్క ఇంటికి ఒక పక్క ఖాళీ స్థలము, ముందు చిన్న తోట, వెనుక పెద్ద తోట ఉండును. రెండవ పక్క మాత్రము పొరుగువాని గోడయే తన గోడ. మొదటి ప్రపంచ యుద్ధమునకును రెండవదానికిని మధ్య, అనగా 1919 మొదలు 1939 వరకు, ఇంగ్లాండు, వేల్సు ప్రాంతములలో సుమారు 40 లక్షల ఇండ్లు కట్టబడెను. వాటిలో జంట ఇండ్లు మిక్కిలి విస్తారము. ఇరుకు వీధులలో అద్దెకున్న సామాన్య కుటుంబములు అనేకములు అప్పు తెచ్చుకొని మొదటిసారి "మా ఇల్లు" అని చెప్పుకొన్నవి ఇట్టి ఇండ్లలోనే.

అట్టి ఇంటి హక్కు ఎవరిదో తెలియజేయు చిట్టాను ప్రభుత్వపు భూమి రిజిస్ట్రీ ఉంచుచున్నది. ఈ కార్యాలయము 1862లో చేసిన చట్టముచేత ఏర్పడెను. పూర్వము ఇంటి హక్కును చూపుటకు పాత దస్తావేజుల కట్ట ఒకటి ఉండెడిది. అమ్మినప్పుడెల్ల న్యాయవాది ఆ కట్టను విప్పి, ఎవరినుండి ఎవరికి వచ్చెనో గొలుసు తెగకుండ చదివి చూడవలసి వచ్చెడిది. క్రమక్రమముగా ఆ కట్టలకు బదులు రిజిస్ట్రీలోని చిట్టాయే ఆధారమాయెను. 1990 డిసెంబరు 1 నుండి ఇంగ్లాండు, వేల్సు అంతటను ఇల్లు అమ్మినప్పుడు చిట్టాలో చేర్పించుట తప్పనిసరి యాయెను. అదే నెల 3వ తేదీనుండి కొద్దిపాటి రుసుము చెల్లించి ఎవరైనను ఏ ఇంటి చిట్టానైనను చూడవచ్చునని తలుపులు తెరువబడెను.

మన దేశపు పద్ధతికిని దానికిని ఒక భేదము కలదు. 1908 నాటి మన రిజిస్ట్రేషను చట్టము ప్రకారము దస్తావేజు నమోదగునే గాని, దానినిబట్టి హక్కు నిజమని ప్రభుత్వము పూచీపడదు. అందుచేతనే మనము ఇ.సి. తీయించి, పాత లావాదేవీలు వెదకి, పెద్దలను విచారించి కొనుచున్నాము. అక్కడనో, చిట్టాలోని తప్పువలన ఒకడు నష్టపోయిన యెడల చట్టములో చెప్పిన మేరకు ప్రభుత్వమే పరిహారమిచ్చును.

ఆ చిట్టాకు మూడు భాగములున్నవి. మొదటిది ఆస్తి వివరము, రెండవది సొంతదారుల పేర్లు, మూడవది ఆస్తిమీదనున్న భారములు. ఈ మూటిని వరుసగా చదువుదము.

మొదటి భాగము: గీతయు గోడయు

మొదటి భాగములో ఇంటి చిరునామాయు దానితోకూడ ఒక పటమును ఉండును. పటములో ఆ స్థలము చుట్టు ఎఱ్ఱ గీత గీయబడి యుండును. ఎఱ్ఱ గీతను చూడగానే సరిహద్దు అంగుళము తప్పకుండ తేలిపోయినదని మనము అనుకొందుము. కాని ఆ దేశపు చట్టము అట్లు చెప్పుటలేదు. ప్రత్యేకముగా నిర్ణయింపబడిననే తప్ప, ఆ గీత సుమారు సరిహద్దును మాత్రమే చూపును. కంచె గీతకు ఇటున్నదా అటున్నదా అని ఆ పటమునుబట్టి తేల్చుటకు వీలులేదు.

ఇందులో ఎంత జ్ఞానము కలదో చూడుడి. ఇరుగుపొరుగువారు కలిసి బ్రదుకవలసిన చోట గీత ఎంత సన్నముగా గీసినను చాలదు. జానెడు గట్టు కొరకు అన్నదమ్ములు కోర్టుకెక్కి, ఆ గట్టు విలువకు వందరెట్లు ఖర్చుపెట్టి, చివరకు ఒకరి ఇంట శుభకార్యమునకు ఒకరు వెళ్లని సంగతులు మన సంఘములలో లేవా? పొలిమేర రాతిని తీసివేయవద్దని సామెతల గ్రంథము (22:28) హెచ్చరించుచున్నది. పొరుగువాని సరిహద్దు రాతిని జరుపువాడు శపింపబడునని ద్వితీయోపదేశకాండము (27:17) చెప్పినప్పుడు ప్రజలందరు ఆమేన్ అనవలసి యుండెను. రాతిని జరుపుట పాపము. అయితే రాయి ఉన్నచోటనే ఉండగా హృదయమునుండి సహోదరుని గెంటివేయుటయు పాపమే.

ఇక జంట ఇంటి నడిమి గోడ యున్నది. అది ఎవరిది? 1925 నాటి ఆ దేశపు ఆస్తి చట్టమునుబట్టి ఉమ్మడి గోడ నిలువుగా రెండు సగములుగా ఎంచబడును. ఈ సగము ఇతనిది, ఆ సగము అతనిది. అయినను ఒక్కొక్కరికి రెండవవాని సగముమీద ఆనుకొను హక్కు ఉన్నది. అనగా నా సగమును నేను నా యిష్టము వచ్చినట్లు పడగొట్టలేను. అది నాది గాని పొరుగువాని ఇల్లు దానిమీద ఆనుకొని యున్నది. 1996లో చేయబడిన ఉమ్మడి గోడల చట్టము ప్రకారము ఆ గోడలో దూలము దూర్చవలెననినను, గోడను ఎత్తు చేయవలెననినను రెండు నెలల ముందుగా పొరుగువానికి వ్రాతమూలముగా తెలియజేయవలెను. అతడు సమ్మతింపని యెడల కొలతలు తెలిసిన సర్వేయరు వచ్చి ఇద్దరికిని న్యాయమైన ఏర్పాటు వ్రాసి యిచ్చును.

మన పల్లెలలోను ఉమ్మడి గోడ ఇండ్లున్నవి. ఒకరి వాసము పొరుగువాని గోడమీద ఆనును. ఒకరి చూరు నీళ్లు పొరుగువాని దొడ్డిలో పడును. "నాది" అను మాట ఎంత గట్టిగా పలికినను, ఆ మాటకు పొరుగువాని భుజము ఊతగా నున్నదని ఆ గోడ ప్రతిదినము మనకు చెప్పుచున్నది. పూర్తిగా ఒంటరిగా నిలుచు సొత్తు లోకములో లేదు.

రెండవ భాగము: పేర్లు

రెండవ భాగములో సొంతదారుల పేర్లు ఉండును. ఒక స్థలమునకు చట్టరీత్యా సొంతదారులుగా నలుగురికి మించి పేర్లు చేర్చరు. ఇల్లు చేతులు మారినప్పుడు పాత పేరు తీసివేసి క్రొత్త పేరు వ్రాయుదురు. నేటి ప్రతిని తీసికొని చూచితిమా, నేటి సొంతదారుడే కనబడును. అతనికి ముందు ఆ పొయ్యియొద్ద చలి కాచుకొన్నవారును, ఆ మెట్లమీద బిడ్డలను ఎత్తుకొని దిగినవారును ఆ ప్రతిలో కనబడరు. పాత దస్తావేజుల కట్ట మిగిలియున్న యెడల దానిలో పేరు వెనుక పేరు వరుసగా కనబడును. ప్రతి పేరును ఒకప్పుడు "ఇప్పటినుండి శాశ్వతముగా" అను భావముతోనే వ్రాయబడెను. ప్రతి పేరును వెళ్లిపోయెను.

భూమి తనదనియు, ఇశ్రాయేలీయులు తనయొద్ద పరదేశులును కాపురస్థులునై యున్నారనియు యెహోవా లేవీయకాండములో సెలవిచ్చెను. అందుచేత భూమిని శాశ్వతముగా అమ్మకూడదని ఆజ్ఞాపించెను. ఇది పేదవాని రక్షణకొరకైన మాట. అప్పుచేత భూమి పోగొట్టుకొన్న కుటుంబము ఎల్లకాలము కూలిగా మిగిలిపోకుండ, ఏబదియవ సంవత్సరమున దాని స్వాస్థ్యము తిరిగి దానికి రావలెను. నాబోతు ద్రాక్షతోట కథలో (1 రాజులు 21) అహాబు మరచినది దీనినే. మంచి వెల యిచ్చెదనని రాజు అనుకొనెను. పితరుల స్వాస్థ్యమని నాబోతు అనెను. దొంగసాక్షులను పెట్టి తోటను స్వాధీనపరచుకొనుటకు వెళ్లిన ఆ దినముననే ఏలీయా అక్కడ రాజునకు ఎదురుపడెను. దేవుని న్యాయము ఆ తోటలోనే నిలిచి యుండెను.

అబ్రాహాము సంగతి ఆలోచించుడి. దేశమంతయు ఇచ్చెదనని వాగ్దానము పొందినవాడు, భార్యను పాతిపెట్టుటకు చోటులేక హేతు కుమారులయెదుట సాగిలపడి అడిగెను. ఎఫ్రోనునొద్ద 400 తులముల వెండి తూచి యిచ్చి మక్పేలా గుహను కొనెను. ఆ పొలము, దానిలోని గుహ, సరిహద్దులలోని చెట్లు కూడ సాక్షుల యెదుట అతనిదిగా స్థిరపరచబడెనని ఆదికాండము 23లో ఉన్నది. లేఖనములలో ఒక కొనుగోలు ఇంత వివరముగా వ్రాయబడినది మొదట ఇక్కడనే. తన జీవితకాలములో ఆ విశ్వాసవీరుడు వెల యిచ్చి కొన్నట్లు ఆ గ్రంథము చెప్పిన పొలము సమాధి స్థలమే. సొంతదారుల పేర్ల జాబితా చదువునప్పుడు మనము ఈ సంగతి జ్ఞాపకముంచుకొందము.

మూడవ భాగము: భారములు

ఇప్పుడు మూడవ భాగమునకు వచ్చుచున్నాము. ఇల్లు కొనువారు తమ పేరును సంతోషముతో చదువుకొందురు గాని ఈ భాగమును త్వరత్వరగా దాటిపోవుదురు. ఇందులో మొదట కనబడునది తాకట్టు. బ్యాంకునకు గాని గృహనిర్మాణ సంఘమునకు గాని అప్పు తీరువరకు అది అక్కడ నిలిచియుండును. అప్పు తీరిన దినమున ఆ వ్రాత తీసివేయబడును. మనకు విరోధముగానున్న వ్రాతను ప్రభువు సిలువకు కొట్టి, అడ్డములేకుండ ఎత్తివేసెనని పౌలు కొలొస్సయులకు (2:14) వ్రాసినది, తాకట్టు విడిపించుకొన్న రైతునకు చక్కగా బోధపడును.

తాకట్టుతోపాటు ఆ భాగములో పాత షరతులు ఉండును. మొదట స్థలములు అమ్మినవాడు విధించినవి అవి. ఈ ఇంటిలో వ్యాపారము చేయకూడదు, మద్యము అమ్మకూడదు, పందులను పెంచకూడదు, ఇంటిముందు కంచె ఇంతకు మించి యెత్తు ఉండకూడదు. ఇట్టివి అక్కడి పాత ఇండ్ల పత్రములలో సాధారణము. షరతు పెట్టినవాడు చనిపోయెను. దానికి మొదట ఒప్పుకొన్నవాడును చనిపోయెను. ఇల్లు పలువురి చేతులు మారెను. అయినను షరతు ఆ యింటిని విడువలేదు.

ఇక్కడనే మన ప్రశ్న బరువగుచున్నది. తాను చేయని వాగ్దానమునకు మనుష్యుడు ఎందుకు కట్టుబడవలెను?

ఆ దేశపు న్యాయస్థానము దీనికి 1848లో ఒక ఉత్తరమిచ్చెను. లండను నగరములోని లెస్టర్ స్క్వేర్ నడుమ ఒక తోట కలదు. 1808లో దాని సొంతదారుడైన టల్క్ అను నతడు, దానిమీద కట్టడములు కట్టక తోటగానే ఉంచవలెనను ఒప్పందముతో దానిని అమ్మెను. చేతులు మారి మారి అది మాక్సే అను వానికి వచ్చెను. అతని క్రయపత్రములో ఆ షరతు లేదు. అయినను షరతు ఉన్నట్లు అతనికి తెలియును. నేను మాట యియ్యలేదు గనుక కట్టుకొందునని అతడనెను. ప్రధాన న్యాయాధిపతియైన కాటెన్హాం ప్రభువు దానిని అంగీకరింపలేదు. షరతుచేత తగ్గిన వెలకు కొని, మరునాడు షరతులేనట్లు ఎక్కువ వెలకు అమ్ముకొనుట అన్యాయము. తెలిసి కొన్నవాడు దానికి మనస్సాక్షినిబట్టి కట్టుబడవలెనని ఆయన తీర్పు సారాంశము. లెస్టర్ స్క్వేర్ నడుమ నేటికిని తోట ఉన్నది.

ఇట్టి తీర్పు లేఖనములలో ఎంతో పూర్వమే కనబడుచున్నది. గిబియోనీయులు పాతగిలిన చెప్పులును, బూజుపట్టిన రొట్టెలును చూపి యెహోషువను మోసగించి ప్రాణరక్షణ ప్రమాణము పొందిరి. మోసము బయటపడినను ఇశ్రాయేలు ప్రధానులు ప్రమాణమును మీరలేదు. అనేక తరముల తరువాత సౌలు ఆ గిబియోనీయులను హతము చేయ చూచెను. ఆ ప్రమాణము చేసినది సౌలు కాడు. అయినను దేశములో మూడు సంవత్సరములు కరవు కలిగినప్పుడు, దాని హేతువు సౌలు చేసిన ఆ రక్తపాతమేనని యెహోవా దావీదునకు తెలియజేసెను (2 సమూయేలు 21:1). పితరుల స్వాస్థ్యమును తీసికొన్నవాడు పితరులు ఇచ్చిన మాటను కూడ తీసికొనవలెను. తాతగారి పొలము కావలెను, తాతగారి అప్పు వద్దు అనువాడు సగము వారసుడే.

అన్ని షరతులు సమానములు కావు

అయితే పాత వాగ్దానములన్నియు పవిత్రములు కావు. హేరోదు విందులో చేసిన ఒట్టును నిలువబెట్టుకొనుటకై బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించెను. ఆ మాట తప్పినను అతనికి అంత పాపము కలుగకపోవును.

ఇంటి పత్రములలోను హేరోదు ఒట్టు వంటి షరతులు ఉండెను. అమెరికా దేశములో సెయింట్ లూయిస్ పట్టణపు ఒక వీధిలోని సొంతదారులు కొందరు 1911లో ఒక ఒప్పందము వ్రాసికొనిరి. 50 సంవత్సరముల వరకు నల్లజాతివారిని గాని, తాము మంగోలు జాతి అని పిలిచిన ఆసియా జనులను గాని ఆ ఇండ్లలో కాపురముండనియ్యకూడదని దాని భావము. 1945లో ఒక నల్లజాతి కుటుంబము అక్కడ ఇల్లు కొనగా, వారిని వెళ్లగొట్టవలెనని వ్యాజ్యము వేసిరి. 1948లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఇట్టి షరతును అమలు జరుపుటకు ఏ కోర్టును తన అధికారమును ఉపయోగింపకూడదని తీర్పు చెప్పెను. 1968లో వచ్చిన చట్టముచేత ఇండ్ల విషయములో అట్టి జాతి భేదమే నిషేధింపబడెను. అయినను అనేకమైన పాత పత్రములలో ఆ మాటలు చెల్లని వ్రాతలుగా మిగిలిపోయెను.

ఇది చదివి అమెరికావారిని నిందించుట మనకు సులభము. ఊరు ఒకవైపు, పల్లె ఒకవైపు. ఊరి బావి వేరు, మన బావి వేరు అని మన పితరులు అనుభవించిన షరతు ఏ రిజిస్టరులో వ్రాయబడెను? ఏ కాగితములోను లేకయే అది తరతరములు అమలు జరిగెను. దాని బాధ తెలిసిన మనమే క్రీస్తు సంఘములో మరల "వారు, మనము" అని బల్లలు వేరుపరచుకొనిన యెడల, రద్దయిన షరతును మన చేతులతో మరల వ్రాసినట్లు కాదా? క్రీస్తు మధ్యగోడను పడగొట్టెనని ఎఫెసీయులకు వ్రాయబడినది. ఒకరికొకరు ఆనుకొను గోడ నిలువవలెను. ఒకరినొకరు వెలివేయు గోడ కూలవలెను. ఏ పాత షరతునైనను తూచుటకు ఇదియే త్రాసు: ఇది పొరుగువానిని కాపాడుచున్నదా, లేక త్రోసివేయుచున్నదా?

దాచిన భారము

మరియొక సంగతి సంఘమునకు చెందినది గనుక దాచక చెప్పవలెను. ఇంగ్లాండులోని పాత పారిషు ఆలయములు కొన్నిటిలో చాన్సెల్ అను భాగము, అనగా పరిశుద్ధ బల్ల ఉండు భాగము, మరమ్మతు చేయించు బాధ్యత పూర్వము గుడి మాన్యములను అనుభవించువారిది. కాలక్రమమున ఆ భూములు సామాన్య జనుల చేతికి వచ్చెను. బాధ్యతయు భూమి వెంట వచ్చెను. చిట్టాలో వ్రాయబడకున్నను అది చెల్లుచుండెను. వార్విక్‌షైర్ ప్రాంతములోని ఆస్టన్ కాంట్లో అను గ్రామములో అట్టి భూమిగల ఒక దంపతులను, సుమారు 95 వేల పౌండ్లు మరమ్మతు ఖర్చు ఇయ్యవలెనని 1994లో ఆలయ సమితి అడిగెను. వ్యాజ్యము ప్రభువుల సభ వరకు వెళ్లి, 2003లో సమితి పక్షముగా తీర్పాయెను. తరువాత లెక్క తేలినప్పుడు భారము ఇంకను పెరిగెను.

ఆ దంపతుల పత్రములలో ఆ బాధ్యత కనబడుచుండెను. అయినను అది ఇంతటి భారమగునని ఎవరు అనుకొందురు? ఇతర గృహస్థులు అనేకులు తమకేమి పొంచియున్నదో తెలియక భయపడిరి. చివరకు 2013 అక్టోబరు 13 తరువాత వెల యిచ్చి కొన్నవానిమీద ఈ భారము నిలువవలెననిన, అది ముందుగా చిట్టాలో వ్రాయబడి యుండవలెనను నియమము అమలులోనికి వచ్చెను. సమితివారు తమ విధి తాము చేసిరనవచ్చును. ఆలయము శిథిలము కాకూడదు. మరమ్మతుకు సొమ్ము కావలెను. చట్టము వారి పక్షముననే ఉండెను. కాని సంఘమునకు చట్టమొక్కటియే చాలునా? మోయ శక్యముకాని బరువులు మనుష్యుల భుజములమీద పెట్టి, తమ వ్రేలితోనైనను వాటిని కదలింపనివారిని ప్రభువు గద్దించెను (మత్తయి 23:4). ఎవనిమీదనైనను భారము మోపవలెననిన వెలుగులో మోపవలెను. మోపినవారు తామును ఒక అంచు పట్టుకొనవలెను. మన సంఘపు చందాలు, మన ఇండ్ల అప్పులు, అన్నదమ్ముల పంపకములు అన్నిటిలోను ఈ నియమము చెల్లును. తెలియనివాని చేత వ్రేలిముద్ర వేయించుకొన్న కాగితము కోర్టులో గెలిచినను దేవునియెదుట ఓడిపోవును.

చట్టము ఆగు చోటు

షరతుల విషయములో ఇంకొక సూక్ష్మము కలదు. ఇంగ్లాండు చట్టములో సాధారణముగా "చేయకూడదు" అను వాగ్దానము పూర్తి హక్కుగల భూమి వెంట తరువాతి సొంతదారునికి వచ్చును. "చేయవలెను" అను వాగ్దానము, అనగా కంచె బాగుచేయుట, త్రోవ మరమ్మతు చేయుట వంటివి అట్లు రావు. 1885 నాటి తీర్పునుండి ఈ నియమము స్థిరమాయెను. చాన్సెల్ మరమ్మతు వంటి పాత బాధ్యతలు అరుదు.

చట్టము మనుష్యుని చేయి పట్టి ఆపగలదు గాని, చేయి చాపి మేలు చేయుమని వానిని కదలించుట దానికి కష్టము. యెరికో త్రోవలో యాజకుడును లేవీయుడును ఎవనిని కొట్టలేదు, ఎవని సొమ్మును తీసికొనలేదు. "చేయకూడదు" అను షరతులన్నియు నెరవేర్చి వారు అవతలి ప్రక్కగా వెళ్లిపోయిరి. సమరయునిమీద ఏ పత్రములోను ఏ భారమును వ్రాయబడలేదు. అయినను అతడు పూటకూళ్లవానికి సొమ్మిచ్చి, ఇంక ఖర్చయిన యెడల తానే తీర్చెదనని పూచీపడెను. ఏ రిజిస్టరు వ్రాయలేని భారమును ప్రేమ తనమీద తానే వ్రాసికొనును. పొరుగువాని పాక కాలినప్పుడు వాసములు ఇయ్యవలెనని మన పట్టాలో లేదు. ఇచ్చువాడు మాత్రము క్రీస్తువాడు.

కాగితములను ఏమి చేయవలెను?

ఇట్లు చెప్పుటచేత కాగితములు వద్దనుట కాదు. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండగా, తాను చెరసాల ప్రాకారములో ఉండగా, యిర్మీయా అనాతోతులోని పొలమును తన బంధువైన హనమేలునొద్ద 17 తులముల వెండి తూచి యిచ్చి కొనెను. క్రయపత్రము వ్రాయించి, ముద్ర వేసి, సాక్షులను పెట్టి, ముద్ర వేసినదానిని, తెరచియున్న ప్రతిని రెండింటిని మంటికుండలో పెట్టి బహుదినములు నిలుచునట్లు భద్రపరచుమని బారూకునకు చెప్పెను. శత్రువు చేతిలోనికి పోవుచున్న పొలమునకు పత్రమెందుకు? ఆ దేశములో ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును ఇంకను కొనబడునని దేవుడు సెలవిచ్చెను గనుక. ఆ పత్రము యిర్మీయా లాభమునకు కాదు. రాబోవు తరమునకు నిరీక్షణగా వ్రాయబడెను.

కాబట్టి మన పత్రములను సరిగా ఉంచుకొందము. చనిపోయిన తండ్రి పేరనే విడిచిపెట్టిన భూమిని వారసులందరి పేర్లు దాచక చేర్పించి సరిచేసికొందము. ఆడుబిడ్డలకు న్యాయముగా రావలసినదానిని "సంతకము పెట్టు అమ్మా" అని తీసివేయకుందము. ఆలయ స్థలము ఎవరి పేరను ఉన్నదో సంఘపు పెద్దలు వెదకి చూచి, ప్రతిని భద్రపరచుదురు గాక. మరియు పెట్టె తెరచి పత్రమును చదువునప్పుడెల్ల మనలను మనము నాలుగు ప్రశ్నలు అడుగుకొందము. ఈ గీతకు అవతలనున్నవానితో నేను సమాధానముగా ఉన్నానా? నాకు ముందున్నవారి మాటను నేను నిలుపుచున్నానా? నేను ఎవనిమీదనైనను దాచిన భారము మోపితినా? ఎవరును వ్రాయని మేలు ఏదైన నేను చేయవలసి యున్నదా?

"ఇది నాది" అని చెప్పునదని తలంచి మనము పత్రమును దాచుకొంటిమి. తెరచి చదువగా అది "నీవు ఇంతమందికి అచ్చియున్నావు" అని చెప్పుచున్నది. పక్కింటివానికి ఊత, పితరులకు మాట, రాబోవువారికి నిరీక్షణ, దేవునికి అంతయు. సొంతదారుడనగా సొంతముగా తిని కూర్చుండువాడు కాడు. అప్పగింపబడినదానికి లెక్క చెప్పవలసినవాడు.

చిట్టాలో మన పేరు ఒకదినమున తీసివేయబడును. అయితే మన పేర్లు పరలోకమందు వ్రాయబడి యున్నందుకు సంతోషించుడని ప్రభువు శిష్యులతో చెప్పెను (లూకా 10:20). ఆ స్వాస్థ్యమునకు సంచకరువుగా, అనగా మన మాటలో బయానాగా, పరిశుద్ధాత్మ మనకు అనుగ్రహింపబడి యున్నాడు (ఎఫెసీయులకు 1:14). బయానా ముట్టినది, బేరము తప్పదు. దాని వెల మనము చెల్లించినది కాదు.

ప్రార్థన: ప్రభువా, భూమి నీది, మేము నీయొద్ద కాపురస్థులము. మా పొరుగువాడు ఆనుకొనదగిన గోడగా మమ్మును నిలుపుము. మేము దాచిన అన్యాయమును వెలుగులోనికి తెచ్చి సరిచేసికొను ధైర్యమిమ్ము. మా పేరు కాగితములోనుండి తీసివేయబడు దినమున, నీ గ్రంథములో దానిని చూచి సంతోషించు కృప దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.